పదిహేను నెలల సెలవు: ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర

1830వ సంవత్సరం మే నెల 18వ తేదీన చెన్నపట్నం నుంచి ఒక తెలుగు ఉద్యోగి కాశీకి బయలుదేరినారు. తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరు 3న. అంటే పదిహేను నెలల పైన ఇంకో పదిహేను రోజులు. ఆయన పేరు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒక భాషలో చెప్పింది ఇంకో భాషలో చెప్పే ఉద్యోగం. సుప్రీంకోర్టు అంటే ఇప్పుడు ఢిల్లీలో ఉండేది కాదు. అది 1801లో కుంఫిణీ కాలంలో మద్రాసులో పెట్టిన కోర్టు. 1862లో దాని చోట హైకోర్టు వచ్చింది.

విమానం ఎక్కకుండా ప్రపంచం చుట్టి రావడానికి ప్లాను వేయండి అని మా తరగతిలో ఒక పని ఇచ్చినారు. అందరం అట్లాసు ముందర పెట్టుకుని గీతలు గీసినాము. రైళ్ళు, ఓడలు, ఒకడి ప్లానులో ఒంటెలు కూడా ఉన్నాయి. చరిత్ర సారు అన్నీ చూసి, "గీతలు సరే, అన్ని రోజులు మీకు లీవు ఎవరిస్తారు?" అన్నారు. నాకు ఆ ప్రశ్న బాగా పట్టుకుంది. అందుకే ప్రపంచం కంటే ముందు, నిజంగా లీవు పెట్టి నిజంగా పోయివచ్చిన మన మనిషి సంగతి రాస్తున్నాను.

వీరాస్వామయ్య 1780లో పుట్టినారు. చిన్నప్పుడే తండ్రి పోయినారు. 13 ఏళ్ళకే తిరునెల్వేలి కలెక్టరు కచ్చేరిలో దుబాసీ పని దొరికింది. నా కంటే రెండేళ్ళు చిన్న! ఇంకో సంగతి, మా సేత్తూరు జమీను ఆ కాలంలో తిరునెల్వేలి సీమలోనిదే. ఈ పక్క తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ తెలిసినవాళ్ళు లేకపోతే కుంఫిణీ దొరలకు పన్ను లెక్క కూడా అర్థమయ్యేది కాదు. మేము ఇంట్లో తెలుగు, బజారులో తమిళం మాట్లాడితే అది పెద్ద విద్య అని ఎవరూ అనరు. ఆయనకు మాత్రం భాషలే అన్నం పెట్టినాయి. ఆ ఉద్యోగమే ఆయన్ను మద్రాసు దాకా తీసుకుపోయింది, కాశీకి పోయే డబ్బూ ఇచ్చింది.

పదిహేను నెలలు కోర్టుకు రాకుండా ఉండాలంటే పైన ఉన్న దొరలు ఒప్పుకోవాలి. ఒప్పుకున్నారంటే ఆయన మీద ఎంత గౌరవమో తెలుస్తుంది. అప్పుడు ఆయనకు 50 ఏళ్ళు. చాలా ఏళ్ళు మంచి పేరుతో పని చేసినవాడికే అట్లాంటి సెలవు దొరుకుతుంది.

తరువాత దారి. మన దేశంలో మొదటి పాసింజరు రైలు 1853లో బొంబాయిలో నడిచింది. మద్రాసు రాయపురం నుంచి రైలు 1856లో వచ్చింది. కాబట్టి వీరాస్వామయ్యకు రైలు అనే మాటే లేదు. పల్లకీలో పోయినారు. వెంట ఇంటివాళ్ళు, బంధువులు, నౌకర్లు, బోయీలు అందరూ కలిసి నూరు మంది దాకా. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ, అక్కడి నుంచి కాశీ. గంగలో కొంత దూరం పడవ. వచ్చేటప్పుడు అదే దారిన రాలేదు. గయ చూసి, కలకత్తా పోయి, పూరీ జగన్నాథం మీదుగా విశాఖపట్నం, రాజమహేంద్రవరం, నెల్లూరు పట్టుకుని సముద్రం పక్కనే దిగి వచ్చినారు. అట్లాసులో వేలు పెట్టి చూస్తే దేశంలో సగం చుట్టినట్టే.

ఇప్పుడు మనము ఇంకో దేశం పోవాలంటే వీసా, డబ్బు మార్చుకోవడం అంటాము కదా. ఆయనకు ఆ కష్టం మన దేశం లోపలే ఉండింది. కడప కుంఫిణీది. కర్నూలు నవాబుది. హైదరాబాదు నిజాముది. నాగపూరు భోంస్లే రాజులది. జబల్పూరు వస్తే మళ్ళీ కుంఫిణీ. ఒక చోట చెల్లే రూపాయి ఇంకో చోట అదే విలువకు చెల్లదు. కుంఫిణీ తన సీమలన్నిటికీ ఒకే రూపాయి పెట్టింది 1835లో, అంటే ఆయన తిరిగి వచ్చిన నాలుగేళ్ళకు. నూరు మందికి రోజూ బియ్యం కొనాలి, ఊరూరా వట్టం ఇచ్చి నాణేలు మార్చుకోవాలి.

దొంగల భయం కూడా చిన్నది కాదు. ఆ రోజుల్లో నాగపూరు, జబల్పూరు దారుల్లో థగ్గులు ఉండేవాళ్ళు. బాటసారులతో స్నేహంగా కలిసి నడిచి, నమ్మినాక గొంతుకు గుడ్డ బిగించి చంపేవాళ్ళు. స్లీమన్ అనే దొర వాళ్ళను పట్టుకునే పని గట్టిగా మొదలుపెట్టింది కూడా ఆ 1830 ప్రాంతంలోనే, జబల్పూరు వైపే. నూరు మంది గుంపుగా పోవడం గొప్ప చూపించుకోవడానికి అని నేను మొదట అనుకున్నాను గాని, థగ్గుల గురించి చదివినాక అది కాపలా కూడా అని తోచింది.

ఆయన దారిలో ఊరికే కూర్చోలేదు. ఏ మజిలీకి ఏ మజిలీ ఎంత దూరం, దారి రాళ్ళదా ఇసుకదా, వాగు ఉందా, ఊళ్ళో అంగళ్ళు ఉన్నాయా, నీళ్ళు మంచివేనా, ఇదంతా రాసి పెట్టినారు. మద్రాసులోని స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకి అవి చేరేవి. వీరాస్వామయ్య 1836లో కాలం చేసినారు. శ్రీనివాస పిళ్ళె అన్నిటినీ దాచి ఉంచి, 1838లో 'కాశీయాత్ర చరిత్ర' అని అచ్చు వేయించినారు. మళ్ళీ 1941లో దిగవల్లి వేంకట శివరావు గారు దాన్ని పరిష్కరించి వేయించకపోతే మన దాకా వచ్చేదో లేదో.

ఆ పుస్తకంలో తెలుగు నాకు నచ్చింది. పండితుల తెలుగు కాదు. చెన్నపట్నంలో మాట్లాడే తెలుగు, అందులో కచ్చేరి మాటలు, తురక మాటలు, ఇంగ్లీషు మాటలు కలిసిపోయి ఉంటాయి. ఆంధ్ర నుంచి వచ్చే చుట్టాలు మా మాట విని "ఇదేం తెలుగు, సగం అరవం" అని నవ్వుతారు. తెలుగులో పేరు పడిన మొదటి యాత్రా పుస్తకమే అరవ దేశంలో ఉన్న మనిషి కలగాపులగం తెలుగులో రాసినాడని ఈసారి వాళ్ళతో చెప్పాలి.

కాని నాకు ఒకటి వెలితిగా ఉంది. దారి గురించి, నీళ్ళ గురించి అంత వివరంగా తెలుస్తుంది. పల్లకీ భుజం మీద పెట్టుకుని ఆ రాళ్ళలో, ఆ వాగుల్లో నడిచింది బోయీలు. మే నెల ఎండలో బయలుదేరినారు, నడుమ దారిలోనే వానలు పట్టుకుని ఉంటాయి. వీరాస్వామయ్య పేరు పుస్తకాల్లో ఉంది, ఆయన మీద వ్యాసాలు ఉన్నాయి. పల్లకీ మోసినవాళ్ళ పేర్లు నాకు ఏ వ్యాసంలోనూ కనబడలేదు. ఆయన కోర్టులో సెలవు పెట్టి పోయినారు. బోయీలకు అది సెలవు కాదు, పని.

ఇప్పటి కాలంలో కూడా విమానం లేకుండా తిరిగినవాళ్ళు ఉన్నారు. డెన్మార్కు దేశం మనిషి థోర్ పెడర్సన్ 2013లో బయలుదేరి, ఒక్క విమానం ఎక్కకుండా ప్రపంచంలో అన్ని దేశాలూ చూసి 2023లో ఇల్లు చేరినాడు. నాలుగేళ్ళలో అయిపోతుందని అనుకున్నాడట, దాదాపు పదేళ్ళు పట్టింది. కరోనా వచ్చి హాంకాంగులో దాదాపు రెండేళ్ళు ఆగిపోయినాడు. అంతకు ముందు 1889లో నెల్లీ బ్లై అనే అమెరికా పత్రిక ఆవిడ ఓడల్లో, రైళ్ళలో 72 రోజుల్లో భూమి చుట్టి వచ్చింది. ఆమెను పంపింది, ఖర్చు పెట్టింది పత్రిక. అంటే ఆమెకూ లీవు అక్కర లేదు, అదే ఆమె డ్యూటీ.

మా ఇంట్లో కూడా ఒక కాశీయాత్ర ప్లాను ఉంది. మా అవ్వకు కాశీ చూడాలని ఆశ. విమానం అంటే భయం, "నేలను వదిలి నేను రాను" అంటుంది. అందుకని నేను లెక్క వేసినాను. సేత్తూరు నుంచి రాజపాళయం బస్సు, అక్కడి నుంచి పొదిగై ఎక్స్‌ప్రెస్సులో ఒక రాత్రి చెన్నై. చెన్నై నుంచి కాశీకి ఇంచుమించు రెండు రోజులు. పోను రాను, అక్కడ మూడు రోజులు ఉంటే మొత్తం తొమ్మిది పది రోజులు. వీరాస్వామయ్యకు పట్టిన కాలంతో చూస్తే ఇది ఒక మజిలీ కూడా కాదు. అయినా మా నాయన స్పిన్నింగు మిల్లులో పని. పది రోజులు పోకపోతే పది రోజుల కూలి పోతుంది. టికెట్ల డబ్బు కంటే అదే ఎక్కువ అని అమ్మ నోటు పుస్తకంలో రాసి చూపించింది.

మే నెలలో నాకు సెలవులు, కాని కాశీలో ఆ ఎండకు అవ్వ తట్టుకోలేదు. అరపరీక్షల తరువాత డిసెంబరు చివర్లో అయితే చలి, కాని మాకు సెలవు తొమ్మిది రోజులే. చివరికి నాయన రాకుండా, అమ్మా అవ్వా నేనూ పోయేటట్టు మాట్లాడుకున్నాము. అవ్వ సంచి నేను మోయాలి. టికెట్టు 60 రోజుల ముందు నుంచే తీసుకోవచ్చు కాబట్టి అక్టోబరు నెల మీద గుర్తు పెట్టి ఉంచినాను.