సాలిసిలేట్లు - శ్వాసక్రియ

సాలిసిలేట్లు అనగా ఆస్పిరిన్, దాని కుటుంబానికి చెందిన ఔషధాలు. నొప్పుల లేపనాలలో వాడే మిథైల్ సాలిసిలేట్ కూడా ఈ కోవకు చెందినదే. గుండెజబ్బులవారు రోజూ తీసుకొనే 75 నుండి 150 మిల్లీగ్రాముల మోతాదు సాధారణంగా శ్వాసక్రియను మార్చదు. పెద్ద మోతాదులలో మాత్రం ఇవి శ్వాస వేగాన్ని, రక్తంలోని కార్బన్ డయాక్సైడ్‌ను ప్రభావితం చేస్తాయి.

పనిచేసే విధానం

సాలిసిలేట్లు రెండు విధాలుగా పనిచేస్తాయి.

* ఇవి మెదడులోని మజ్జాముఖంలో ఉన్న శ్వాసకేంద్రాన్ని నేరుగా ప్రేరేపిస్తాయి. శ్వాస వేగంగా, లోతుగా మారి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటకు పోతుంది. రక్తంలో క్షారత పెరుగుతుంది.
* ఇవి కణాలలోని మైటోకాండ్రియాలో శక్తి ఉత్పత్తికి ఆటంకం కలిగిస్తాయి. ఆక్సిజన్ వినియోగం, కార్బన్ డయాక్సైడ్ ఉత్పత్తి, శరీర ఉష్ణోగ్రత పెరుగుతాయి. తరువాత ఆమ్లాలు పేరుకొని రక్తం ఆమ్లత వైపు మొగ్గుతుంది.

ఊపిరితిత్తుల వ్యాధులలో

ఆరోగ్యవంతులలో అధికంగా తయారైన కార్బన్ డయాక్సైడ్‌ను వేగవంతమైన శ్వాస బయటకు పంపివేస్తుంది. ఎంఫిసీమా వంటి దీర్ఘకాలిక వ్యాధులు తీవ్రంగా ఉన్నవారు శ్వాసను అంతగా పెంచలేరు. అందువలన వారి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గకపోగా పెరిగే ప్రమాదం ఉంది. నిద్రమాత్రలు, మార్ఫిన్ వంటి మందులు శ్వాసకేంద్రాన్ని మందగింపజేసినప్పుడు కూడా ఇలాగే జరుగుతుంది.

విషప్రభావం

శరీర బరువులో కిలోగ్రాముకు సుమారు 150 మిల్లీగ్రాములకు మించి ఒకేసారి తీసుకొంటే విషలక్షణాలు కనిపించవచ్చు. చెవులలో హోరు, వాంతులు, ఆయాసం, తికమక ముఖ్య లక్షణాలు. తీవ్రమైతే ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది. వృద్ధులలో దీనిని న్యుమోనియాగా పొరబడే అవకాశముంది.

ధమని రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పీడనం సాధారణంగా 35 నుండి 45 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. ఆస్పిరిన్ విషప్రభావంతో ఆయాసపడవలసిన రోగిలో ఈ "సాధారణ" విలువ కనిపిస్తే అది ఊరట కలిగించే విషయం కాదు, శ్వాస అలసిపోతున్నదనడానికి సూచన. కార్బన్ డయాక్సైడ్ పెరిగితే రక్తంలో ఆమ్లత హెచ్చి, సాలిసిలేట్ మెదడులోకి మరింతగా చేరుతుంది. అందుకే ఇటువంటి రోగికి మత్తుమందు ఇవ్వడం, వెంటిలేటర్‌ను మామూలు వేగంతో నడపడం ప్రాణాంతకం కావచ్చు. సోడియం బైకార్బొనేట్‌ను సిరలోనికి ఎక్కించడం, తీవ్ర దశలో రక్తశుద్ధి (డయాలిసిస్) చేయడం ముఖ్యమైన చికిత్సలు.

ఆస్పిరిన్ - ఉబ్బసం

ఇది పై ప్రభావాలకు సంబంధం లేని వేరొక సమస్య. ఆస్పిరిన్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని అడ్డుకుంటుందని జాన్ వేన్ 1971లో చూపాడు. 1982లో నోబెల్ బహుమతిని మరి ఇద్దరితో కలిసి అందుకున్నాడు. కొందరు ఉబ్బస రోగులలో, ముఖ్యంగా ముక్కులో కండ పెరిగే వారిలో, ఈ అడ్డంకి వలన ల్యూకోట్రయీన్లు పెరిగి శ్వాసనాళాలు ముడుచుకుపోతాయి. వీరికి ఒక్క మాత్ర కూడా ప్రమాదకరం కావచ్చు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటివి కూడా వీరికి సాధారణంగా పడవు.