వాదనలో గెలిచారు, మరి ఆ పిల్లల సంగతి?

పోయిన నెల మా మహమ్మద్‌నగర్ వెళ్ళాను. మా బావ సర్కారు బడిలో సోషల్ సారు. "తొమ్మిదో తరగతికి ఒక పీరియడ్ నువ్వు తీస్కో" అన్నాడు. కాలేజీ డిబేట్ల అనుభవం ఉంది కదా, సరే అన్నాను.

విషయం బ్రిటన్ బాల వలసలు. 1869 నుంచి మొదలుపెట్టి లక్షమంది దాకా పేద పిల్లల్ని కెనడా పంపారు, పొలం పనికీ ఇంటిపనికీ. ఆ తర్వాత ఆస్ట్రేలియాకీ వేలమందిని పంపారు. కొందరికి అమ్మానాన్నలు బతికుండగానే చచ్చిపోయారని చెప్పారు! ఆస్ట్రేలియా 2009లో, బ్రిటన్ 2010లో క్షమాపణ చెప్పుకున్నాయి.

రెండు జట్లు చేశాను. "పంపడం మేలే" అన్న జట్టు దుమ్ము దులిపేసింది. "ఈడ తిండి లేదు, ఆడ పనీ భూమీ ఉన్నయి గద సార్!" నిజానికి అప్పట్లో పంపినవాళ్ళు చెప్పిందీ అదే. చప్పట్లు కొట్టబోతుంటే వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి లేచింది.

"సార్, పోయేముందు ఆ పోరగాళ్ళను ఎవరన్న అడిగిండ్రా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ అమ్మాయే మళ్ళీ, "మా నాయిన దుబాయ్ పోయేటప్పుడు, నన్ను అమ్మమ్మ దగ్గర ఉంచేటప్పుడు గూడ అడగలే" అని కూర్చుంది.

అప్పుడు అర్థమయ్యింది నా తప్పు. లాభమా నష్టమా అని జట్లు కడితే పెద్దల లెక్కలే బయటికొస్తాయి. పిల్లాడు అందులో ఒక అంకె, అంతే. ముందు అడగాల్సింది వేరే: ఎవరు నిర్ణయించారు? పిల్లలకి ఏం చెప్పారు? తిరిగొచ్చే దారి ఉంచారా?

ఇవే ప్రశ్నలు మన చరిత్రకీ వేయొచ్చు. 1860లో మద్రాసు నుంచి నాటల్ చేరిన ట్రూరో ఓడలో తెలుగు కూలీల వెంట పిల్లలూ ఉన్నారు. మా పక్కనే 1923-31 మధ్య నిజాంసాగర్ కట్టినప్పుడు మునిగిన ఊళ్ళలోనూ, తర్వాత కాలువ నీళ్ళ కోసం కోస్తా నుంచి వచ్చి క్యాంపులు కట్టుకున్న రైతు కుటుంబాల్లోనూ పిల్లలు ఉన్నారు. వాళ్ళ మాట మన పాఠాల్లో ఎక్కడా కనపడదు. ఆ తరం వాళ్ళు ఇంకా ఒకరిద్దరు మిగిలుంటే, వెళ్ళి అడిగి రాసుకురమ్మని చెప్పొచ్చు కదా! డిబేట్ ఆ తర్వాత పెట్టుకోవచ్చు.

మనమూ ఆన్‌సైట్ అనగానే పిల్లల బడి మార్చేసి విమానం ఎక్కిస్తాం. రెండూ ఒకటి కాదు, తెలుసు. కానీ ఎక్కించేముందు ఎంతమందిమి అడిగాం?