సిరిమాను ఉత్సవం (విజయనగరం)

సిరిమాను ఉత్సవం లేదా సిరిమానోత్సవం ఆంధ్రప్రదేశ్‌లోని విజయనగరం పట్టణంలో శ్రీ పైడితల్లి అమ్మవారికి ఏటా జరిగే జాతర. విజయదశమి వెళ్ళిన తరువాత వచ్చే మొదటి మంగళవారం నాడు దీనిని జరుపుతారు. సుమారు యాభై, అరవై అడుగుల పొడవు గల చింతమాను చివర అమర్చిన ఆసనంపై అమ్మవారి పూజారి కూర్చుండగా, ఆ మానును రథంపై నిలిపి పట్టణ వీధిలో ఊరేగించడం ఇందులో ప్రధాన ఘట్టం. ఉత్తరాంధ్ర జిల్లాల నుండే కాక పొరుగున ఉన్న ఒడిషా, ఛత్తీస్‌గఢ్ ప్రాంతాల నుండి కూడా భక్తులు లక్షల సంఖ్యలో దీనికి తరలివస్తారు.

పేరు

"మాను" అనగా చెట్టు మొదలు, దూలము. "సిరి" అనగా లక్ష్మి, సంపద. కావున సిరిమాను అంటే సిరులనిచ్చే మాను అని భక్తులు అర్థం చెప్పుకొంటారు. సిడిమాను అనే మాటే సిరిమానుగా మారి ఉండవచ్చునని మరొక అభిప్రాయం. పూర్వం తెలుగు, కన్నడ దేశాల గ్రామదేవతల జాతరలలో "సిడి" అనే మొక్కుబడి ఉండేది. మొక్కుకొన్నవారి వీపు చర్మానికి ఇనుప కొక్కెము తగిలించి, ఎత్తైన దూలానికి వ్రేలాడదీసి త్రిప్పేవారు. 19వ శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం దీనిని నిరుత్సాహపరచడంతో ఈ ఆచారం క్రమంగా అంతరించింది. కృష్ణా జిల్లా ఉయ్యూరు వీరమ్మతల్లి తిరునాళ్ళలో జరిగే సిడిబండి వేడుకలో కొక్కెము లేదు, బుట్ట మాత్రమే ఉన్నది. విజయనగరంలోనూ కొక్కెము లేదు, ఆసనమే ఉన్నది. రెండు చోట్లా భక్తులు అరటిపండ్లు విసిరి మొక్కు తీర్చుకోవడం గమనింపదగిన పోలిక.

చారిత్రక నేపథ్యం

విజయనగరం కోటకు 1713లో శంకుస్థాపన జరిగినదని ప్రతీతి. విజయ నామ సంవత్సరం, విజయదశమి, జయవారమని పేరుగల మంగళవారం, విజయరామరాజు పేరు, విజయనగరమనే ఊరిపేరు కలిసి ఐదు విజయాలు ఒకచోట కూడినవని స్థానికులు ముచ్చటగా చెబుతారు. మంగళవారానికి ఈ ఊరిలో ఉన్న ప్రాధాన్యం నేటి ఉత్సవంలోనూ కనబడుతుంది.

పూసపాటి వంశస్థుల విజయనగర సంస్థానానికీ, పొరుగున ఉన్న బొబ్బిలి సంస్థానానికీ చాలా కాలం వైరం నడిచింది. ఫ్రెంచి సేనాని బుస్సీ సైన్యం తోడురాగా పూసపాటి పెద విజయరామరాజు బొబ్బిలి కోటపై దండెత్తాడు. 1757 జనవరి 24న కోట పతనమైంది. కోటలోని స్త్రీలు, పిల్లలు శత్రువుల చేతికి చిక్కకుండా స్వజనుల చేతనే హతులయ్యారు. కొద్ది రోజులలోనే తాండ్ర పాపారాయుడు విజయరామరాజు గుడారంలో ప్రవేశించి ఆయనను చంపాడు. ఇంతవరకు చరిత్ర. ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ రచనలో ఈ యుద్ధ వర్ణన ఉన్నది.

అమ్మవారి కథ

ఇక్కడి నుండి జనశ్రుతి మొదలవుతుంది. పైడిమాంబ విజయరామరాజు చెల్లెలు, దేవీ ఉపాసకురాలు. యుద్ధం వద్దని అన్నగారికి చెప్పినది, ఆయన వినలేదు. యుద్ధ సమయంలో ఆమె మశూచితో బాధపడుతున్నది. అన్నకు ప్రాణాపాయమున్నదని తెలిసి, అనుచరుడు పతివాడ అప్పలనాయుడు వెంటరాగా బండిలో బొబ్బిలికి బయలుదేరింది. ఊరు దాటక మునుపే అన్న మరణవార్త తెలిసి స్పృహ తప్పింది. అప్పలనాయుడు ముఖాన నీళ్ళు చల్లగా తేరుకొని, తాను దేవిలో ఐక్యం కానున్నానని, తన ప్రతిమ పెద్దచెరువు పడమటి గట్టున దొరుకుతుందని, దానిని ప్రతిష్ఠించి పూజింపవలసినదని చెప్పి ప్రాణం విడిచింది. బెస్తవారు చెరువులో వల వేసి ప్రతిమను వెలికి తీశారు. అప్పలనాయుడే తొలి పూజారి అయ్యాడు.

బొబ్బిలి కథను తెలుగువారు ఓడినవారి పక్షాన నిలిచి విన్నారు. బుర్రకథలలో, 1964 నాటి బొబ్బిలి యుద్ధం చలనచిత్రంలో పాపారాయుడే వీరుడు. గెలిచిన విజయనగరం వారు ఆ విజయాన్ని పండుగ చేసుకోలేదు. వారు దేవతగా కొలుస్తున్నది యుద్ధం వద్దన్న ఆడపడుచును. జాతరను చూడవచ్చిన వారిలో చాలమంది ఈ సంగతిని అంతగా గుర్తింపరు.

ఆలయాలు

అమ్మవారికి పట్టణంలో రెండు గుడులున్నాయి. ప్రతిమ లభించిన పెద్దచెరువు ప్రాంతంలో, నేటి రైల్వే స్టేషను సమీపాన ఉన్నది వనంగుడి. ఊరి నడుమ మూడు లాంతర్ల కూడలిలో ఉన్నది చదురుగుడి. వైశాఖ మాసంలో జరిగే దేవర ఉత్సవంతో అమ్మవారు వనంగుడి నుండి చదురుగుడికి వస్తుంది. సిరిమాను ఉత్సవం ముగిసిన తరువాత తిరిగి వనానికి వెళుతుంది. దేవాలయం దేవాదాయ శాఖ పరిపాలనలో ఉన్నది. పూసపాటి వంశీయులు అనువంశిక ధర్మకర్తలు.

మాను సేకరణ

ఉత్సవానికి కొన్ని వారాల ముందు అమ్మవారు పూజారికి కలలో కనిపించి, ఆ ఏటి సిరిమాను ఏ దిక్కున, ఏ ఊరిలో ఉన్నదో చెబుతుందని విశ్వాసం. పూజారి, ఆలయ అధికారులు, పెద్దలు కలిసి వెదకి చెట్టును గుర్తిస్తారు. రెండు చెట్లు కావాలి. ఒకటి సిరిమానుకు, రెండవది దానిని మోసే ఇరుసుమానుకు. రెండూ చింతచెట్లే. తమ పొలంలో చెట్టు దొరకడం ఆ రైతు కుటుంబం అదృష్టంగా భావిస్తుంది, చెట్టును అమ్మవారికే సమర్పిస్తుంది. పసుపు, కుంకుమలతో పూజించిన తరువాతనే గొడ్డలి పెడతారు. ఆ సమయంలో చుట్టుప్రక్కల ఊళ్ళవారు జాతరకు వచ్చినట్లే వస్తారు.

అరవై అడుగుల నిడివిలో తగినంత చేవ గల చింతమాను దొరకడం తేలిక కాదు. చింత మెల్లగా పెరిగే చెట్టు. పూర్వం బాటల ప్రక్కన, తోపులలో పెద్ద చింతలు సమృద్ధిగా ఉండేవి. బాటలు వెడల్పయిన కొద్దీ అవి తగ్గినవి. చెట్లు నాటే పని చెట్లు కొట్టే పనితో సమానంగా సాగితేనే ఈ ఆచారానికి ముందు ముందు ఇబ్బంది ఉండదు.

కొట్టిన మానులను హుకుంపేటకు తరలిస్తారు. వడ్రంగులు వాటిని చెక్కి, నునుపు చేసి, రథానికి అమర్చుతారు. ఇరుసుమాను ఆధారంగా సిరిమాను తులాదండం వలె పైకి, క్రిందికి కదులుతుంది. మొదలు వైపు త్రాళ్ళతో నియంత్రిస్తారు. చివర దించినప్పుడు పూజారి ఆసనమెక్కుతాడు. తరువాత మానును పైకి లేపుతారు. త్రాళ్ళు పట్టేవారి నేర్పుపైనే పూజారి ప్రాణం ఆధారపడి ఉంటుంది.

తొలేళ్ళు

సిరిమానుకు ముందు రోజైన సోమవారం తొలేళ్ళు. ఆ రాత్రి ఘటాలతో ఊరేగింపు జరుగుతుంది. పూజానంతరం పూజారి రైతులకు ధాన్యపు గింజలు పంచుతాడు. వాటిని తమ విత్తనాలలో కలిపి చల్లితే పంట బాగా పండునని రైతుల నమ్మకం. పల్లెల నుండి బండ్లు కట్టుకొని వచ్చినవారు ఆ రాత్రి పట్టణంలోనే ఉండిపోవడం పూర్వపు అలవాటు. నేడు బండ్ల స్థానంలో ఆటోలు, బస్సులు వచ్చినవి.

ఊరేగింపు

మంగళవారం మధ్యాహ్నానికి సిరిమాను హుకుంపేట నుండి చదురుగుడి వద్దకు చేరుతుంది. పూజారి ఆసనం అధిరోహించాక, చదురుగుడి నుండి కోట వరకు మూడు పర్యాయాలు మాను వెళ్ళి వస్తుంది. సాయంకాలానికి ఉత్సవం పూర్తవుతుంది.

సిరిమాను ఒంటరిగా కదలదు. ముందు పాలధార నడుస్తుంది. ఈటెలు ధరించిన ఈ జనసమూహం పూర్వం కోటకు రక్షణగా నిలిచిన సైన్యానికి గుర్తు అంటారు. ప్రతిమను వెలికితీసిన దానికి గుర్తుగా బెస్తవారి వల వస్తుంది. తెల్ల ఏనుగు ఆకారంలో అలంకరించిన బండి ఉంటుంది. అంజలి రథంపై స్త్రీ వేషం ధరించిన పురుషులు నిలిచి సిరిమానుపైకి అక్షింతలు చల్లుతారు. ఒక్కొక్క విభాగం ఒక్కొక్క వర్గం వారి బాధ్యత. ఆ బాధ్యత తమ తాతల నాటిదని వారు గర్వంగా చెప్పుకొంటారు.

పూసపాటి వంశీయులు కోట బురుజుపై నుండి తిలకించడం సంప్రదాయం. మాను కోట ముందుకు వచ్చినప్పుడు పూజారి బురుజు కన్న ఎత్తున ఉంటాడు. ఆ కాసేపు పూజారిని అమ్మవారి ప్రతిరూపంగానే భావిస్తారు గనుక సంస్థానాధీశుల వారసులు సైతం ఆయనకు నమస్కరిస్తారు.

2020లో కోవిడ్ కారణంగా భక్తుల రాకపై ఆంక్షలు విధించి ఉత్సవం జరిపారు.

తరువాతి కార్యక్రమాలు

సిరిమాను తరువాతి మంగళవారం పెద్దచెరువులో తెప్పోత్సవం జరుగుతుంది. ఆ పిమ్మట జరిగే ఉయ్యాల కంబాలతో ఏటి జాతర ముగింపునకు వస్తుంది.

ఇతర ప్రాంతాలలో

సిరిమాను ఉత్తరాంధ్రలో విజయనగరానికే పరిమితం కాదు. మక్కువ మండలం శంబరలో పోలమాంబ జాతరకు జనవరి మాసంలో సిరిమాను తిరుగుతుంది. ఈ గ్రామం 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్నది. గిరిజనులు ఎక్కువగా పాల్గొనడం ఆ జాతర ప్రత్యేకత.

ప్రయాణ సౌకర్యాలు

విజయనగరం హౌరా - చెన్నై రైలు మార్గంలో ఉన్నది. విశాఖపట్నం నుండి సుమారు 60 కిలోమీటర్లు. రైలు దిగినవారికి ముందుగా వనంగుడి కనిపిస్తుంది. అయితే సిరిమాను తిరిగేది చదురుగుడి వద్ద. ఆ రోజు మూడు లాంతర్ల వైపు వాహనాలను అనుమతించరు గనుక కొంత దూరం నడువవలసి ఉంటుంది. మధ్యాహ్నం దాటితే కోట దారిలో నిలువ చోటు దొరకదు. వృద్ధులు, పిల్లలతో వచ్చేవారు అమ్మవారి దర్శనం మాత్రమే కోరుకొంటే మరొక రోజు రావడం మంచిది.