బొందలగడ్డలో తెల్లవారే పండుగ: సిద్దిపేట పల్లెల్లో ఈస్టర్

క్రైస్తవుల పండుగ అంటే మన పత్రికలకు గుర్తుకొచ్చేది క్రిస్మస్ ఒక్కటే. మెదక్ కెథడ్రల్ బొమ్మ వేసి, పక్కన నాలుగు ముక్కలు రాస్తే ఆ ఏటికి పని అయిపోయినట్టే. ఈస్టర్ గురించి రాస్తే రంగు గుడ్ల గురించి, కుందేలు గురించి రాస్తరు. సిద్దిపేట చుట్టుపక్కల మాల, మాదిగ వాడల్లో ఆ గుడ్లూ లేవు, ఆ కుందేలూ లేదు. అక్కడ ఈస్టర్ చీకటితోనే మొదలైతది. జనం కొవ్వొత్తులు పట్టుకొని ముందుగాల బొందలగడ్డకు పోతరు, ఆ తర్వాతనే గుడికి. పండుగనాడు శ్మశానానికి పోవుడేందని పక్క వాడలవాళ్లు ఇప్పటికీ వింతగా చూస్తరు. ఆ వింతలోనే మన చరిత్ర ఉన్నది.

ముందు ఈ పండుగ మూలం చూద్దాం. ఈస్టర్ పుట్టింది యూదుల పస్కా పండుగలోంచి. పస్కా అంటే ఐగుప్తులో ఇటుకలు చేసిన బానిసలు బయటపడ్డ రాత్రిని యాది చేసుకునుడు. ఆ రాత్రి తిన్న పులియని రొట్టె, చేదు కూరలు వెట్టి బతుకు చేదును మరిచిపోవద్దని పెట్టుకున్న గుర్తులు. యేసును సిలువ వేసింది ఆ పస్కా రోజుల్లోనే. అందుకే గ్రీకు, లాటిను భాషల్లో ఈ పండుగ పేరు ఇప్పటికీ పస్కానే. 'ఈస్టర్' అన్నది ఇంగ్లీషువాళ్ల మాట. ఎనిమిదో శతాబ్దంలో బీడ్ అనే సన్యాసి ఆ పేరు ఎయోస్ట్రె అనే దేవత పేరు మీద వచ్చిందని రాసిండు. ఆ దేవత గురించి ఆయన మాట తప్ప వేరే పాత సాక్ష్యం లేదు. గుడ్ల సంగతి కూడా తేటగనే ఉన్నది. యూరప్‌లో నలభై రోజుల ఉపవాసంలో గుడ్లు తినరాదు. అన్నాళ్లు కోళ్లు పెట్టిన గుడ్లన్నీ పండుగనాటికి కుప్ప పడేవి. అది వాళ్ల ఇంటి లెక్క, మన ఇంటి లెక్క కాదు.

తేదీ మాత్రం మనకు దగ్గరిదే. క్రీ.శ. 325లో నైసియా సభ ఈ పండుగను అన్ని సంఘాలూ ఒకే ఆదివారం చెయ్యాలని తీర్మానించింది. తర్వాత స్థిరపడ్డ లెక్క ప్రకారం మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటిన ఆదివారం ఈస్టర్. అందుకే అది మార్చి 22కూ ఏప్రిల్ 25కూ నడుమ తిరుగుతది. 2024లో కాముని పున్నమి మార్చి 25న వస్తే ఈస్టర్ 31న వచ్చింది. 2025లో చైత్ర పున్నమి దాటినంక ఏప్రిల్ 20న వచ్చింది. మోదుగు పూసే కాలం, యాసంగి వరి కంకి పట్టి కోతకొచ్చే కాలం. అంతకుముందు ఆదివారం మట్టల ఆదివారం. యెరూషలేములో పట్టింది ఖర్జూరపు మట్టలైతే, మన పల్లెల్లో ఈత మట్టలు పడతరు. ఈత చెట్టు ఖర్జూరానికి చెల్లెలే. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీది ఏడు మాటల మీద ప్రసంగాలు జరుగుతయి.

మరి బొందలగడ్డ ఆచారం ఎక్కడిది? 1732లో జర్మనీలోని హెర్న్‌హూట్‌లో మొరేవియన్ సంఘం యువకులు ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల మధ్య నిలబడి పాటలు పాడిండ్రు. ఆ ఆచారం మెల్లగా వేరే ప్రొటెస్టెంటు సంఘాలకూ పాకింది. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ మొరేవియన్ల ప్రభావంలో నడిచినవాడే, 1738లో హెర్న్‌హూట్‌కు పోయి చూసి వచ్చిండు. వెస్లియన్ మెథడిస్టు మిషన్ పందొమ్మిదో శతాబ్దం చివర్లో సికింద్రాబాదు నుంచి కరీంనగర్, సిద్దిపేట, మెదక్ దిక్కు విస్తరించింది. 1924 డిసెంబరు 25న పాస్నెట్ దొర కట్టించిన మెదక్ గుడి ప్రతిష్ఠ అయింది. 1947లో ఈ సంఘాలు దక్షిణ ఇండియా సంఘంలో కలిసినయి.

కాని ఆచారం ఎక్కడినుంచి వచ్చిందన్నది సగం కథనే. అది ఇక్కడ ఎందుకు వేరు పట్టిందన్నది మిగిలిన సగం. నిజాం రాజ్యంలో చావుకు సంబంధించిన చాకిరంతా మాల మాదిగల నెత్తి మీదనే ఉండె. ఊర్లో పెద్దింట్ల ఎవరు చచ్చినా కబురు మోసుడు, డప్పు కొట్టుడు, కట్టెలు మోసుడు, చచ్చిన గొడ్డును ఈడ్చుడు మన పని. కూలి లేదు, కాదనే హక్కు లేదు. ఊరి చావులన్నిటికీ చాకిరి చేసిన మనిషిని చావు మైల అంటినవాడని ఊరి బయట పెట్టిండ్రు. ఆ మనిషి చచ్చిననాడు అతనికి మాత్రం గుర్తు లేదు. వాగు ఒడ్డున ఒక బొంద, దాని మీద రెండు ముళ్ల కంపలు. ఒక వాన పడితే జాగ కూడా గుర్తుపట్టరాదు.

అట్లాంటి జనానికి ఒక కథ చేరింది. దొరతనం చంపించిన ఒక మనిషిని సమాధి ఆపలేకపోయిందని, ఆ సంగతి ముందుగాల తెలిసింది చీకటితో సమాధి కాడికి పోయిన ఆడవాళ్లకని. ఆడమనిషి కాటికి రావద్దనే అగ్రకుల కట్టడి ఉన్న ఊర్లోనే మన అమ్మలక్కలు ఈస్టర్‌నాడు ముందు వరుసలో బొందలగడ్డకు నడుస్తరు. రెండు రోజుల ముందే గడ్డి చెక్కి, సమాధులకు సున్నం వేస్తరు. గన్నేరు, మల్లెపూలు పెడతరు. తాత పేరు, అవ్వ పేరు పిల్లలకు చదివి వినిపిస్తరు. చావు కాడ వెట్టి చేసిన చేతులే ఇప్పుడు తమవాళ్ల కోసం పని చేస్తున్నయి. మైల అన్న జాగనే పండుగ జాగ అయింది. ఇది మతం మారినందుకు దొరికిన బహుమానం కాదు, వాడ తన చేతులతో చేసుకున్న మార్పు.

సమాధి రాయి మీద రాసిన పేరుకు ఇంకో అర్థం కూడా ఉన్నది. ఊర్లో 'అరేయ్' అని, సగం పేరుతో పిలిపించుకున్న మనిషికి రాయి మీద పూర్తి పేరు దక్కింది. కాని కాగితం మీద ఆ పేరు చెల్లదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం క్రైస్తవుడైన దళితుడు షెడ్యూల్డు కులం కాడు. ఆ ఉత్తర్వును 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సవరించిండ్రు, క్రైస్తవులకు సవరించలేదు. మన రాష్ట్రంలో వాళ్లను బీసీ-సీ కింద ఒక్క శాతంలో పెట్టిండ్రు. అందుకే ఎన్నో ఇండ్లల్లో బడి రిజిస్టరులో ఒక మతం, బొందలగడ్డలో ఒక మతం. బతికున్నన్నాళ్లు దాచుకున్న విశ్వాసం చచ్చినంకనే రాతకెక్కుతది. దీన్ని దొంగతనం అనేవాళ్లు, మతం మారితే అంటరానితనం పోతదా అన్న ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలె.

పోలేదనడానికి శ్మశానమే సాక్ష్యం. తమిళనాడు తిరుచ్చిలోని మేలపుదూర్‌లో దళిత కాథలిక్కుల సమాధులను వేరు చేస్తూ గోడ కట్టిండ్రు. మన దగ్గర అట్లాంటి గోడ లేదని సంబరపడే ముందు, మాల సంఘం, మాదిగ సంఘం అని మనం గీసుకున్న గీతలను కూడా చూసుకోవాలె. పునరుత్థానం గురించి ఒక్కతీరుగా పాడి, సంబంధాల కాడ ఎవరికి వాళ్లమైతే ఆ పండుగ సగమే అయినట్టు.

పరిశోధకులుగా మనకు ఒక పని ఉన్నది. మన తాతలకు శాసనాలు లేవు, తామ్రపత్రాలు లేవు. దొర గడీ కాగితాల్లో వాళ్లు బాకీ లెక్కల్లోనే కనబడతరు. కాని గుడి రిజిస్టర్లలో బాప్తిస్మం, పెండ్లి, చావు తేదీలతో వాళ్ల పేర్లు ఉన్నయి. బొందలగడ్డ రాళ్ల మీద ఉన్నయి. ఆ కాగితాలు చెదలు పడుతున్నయి, ఆ రాళ్ల మీది అక్షరాలు ఏటేటా చెరుగుతున్నయి. వచ్చే ఈస్టర్‌కు సున్నం బకెట్‌తో పాటు ఒక నోటుబుక్కు కూడా తీసుకపోదాం. సున్నం వేసే ముందు ప్రతి రాయినీ చదివి రాసుకుందాం. మన చరిత్ర గ్రంథంలో మొదటి పేజీలు అక్కడ దొరుకుతయి.