ఒలింపిక్ పతాకం, చిహ్నం

అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ పతాకం అంచు లేని తెల్లని వస్త్రం. దాని మధ్య పెనవేసుకున్న ఐదు వలయాలు ఉంటాయి: పై వరుసలో నీలం, నలుపు, ఎరుపు, కింది వరుసలో పసుపు, ఆకుపచ్చ. కమిటీ వ్యవస్థాపకుడు పియరీ డి కూబర్టిన్ 1913లో దీన్ని రూపొందించాడు. మరుసటి ఏడు పారిస్ మహాసభలో ఆవిష్కరించినా, యుద్ధం వల్ల 1916 బెర్లిన్ క్రీడలు రద్దయ్యాయి. ఒలింపిక్ మైదానంలో అది తొలిసారి ఎగిరింది 1920లో, ఆంట్‌వెర్ప్‌లో. ఆ జెండా క్రీడలు ముగిసేసరికి మాయమైంది. అమెరికన్ డైవర్ హాల్ ప్రీస్ట్ స్తంభం ఎక్కి తీసుకెళ్లిన ఆ జెండా దశాబ్దాల పాటు అతని సూట్‌కేసులోనే ఉంది. 103 ఏళ్ల వయసులో, 2000 సిడ్నీ క్రీడల వేళ, అతనే దాన్ని కమిటీకి అప్పగించాడు.

నీలం ఐరోపాకు, పసుపు ఆసియాకు, నలుపు ఆఫ్రికాకు, ఆకుపచ్చ ఆస్ట్రేలియాకు, ఎరుపు అమెరికాకు గుర్తన్న మాట విస్తృతంగా ప్రచారంలో ఉంది. రూపకర్త రాతలు దీన్ని బలపరచవు. ఐదు వలయాలు ప్రపంచంలోని ఐదు భాగాలని ఆయన చెప్పిన మాట నిజమే. కానీ ఏ రంగునూ ఏ ఖండానికీ కేటాయించలేదు. తెలుపుతో కలిపి ఆ ఆరు రంగులతో నాటి దేశాలన్నిటి జెండాలనూ గీయవచ్చన్నదే ఆయన వివరణ. స్వీడన్ నీలం పసుపులను, గ్రీసు నీలం తెలుపులను ఆయనే ఉదహరించాడు. కమిటీ అధికారిక పుస్తకంలోనే ఖండాల లెక్క ఉండేది కదా అని ఆక్షేపించవచ్చు. ఉండేది, అయితే అది కూబర్టిన్ ఉద్దేశమనడానికి ఆధారం లేదని 1951లో కమిటీయే తొలగించింది. పైగా ఖండాల లెక్క మనుషులను ఒంటి రంగుతో విడదీసే చూపుకు దగ్గరగా ఉంటుంది. కూబర్టిన్ వివరణలో ఏ రంగూ ఏ ఒక్కరి సొత్తూ కాదు. ఈ చిహ్నంలోని ఉదాత్తత అదే.

వలయాలు ప్రాచీన గ్రీసు నాటివన్న నమ్మకానికీ పునాది లేదు. డెల్ఫీలో కనిపించిన వలయాల రాయి 1936 బెర్లిన్ క్రీడల జ్యోతియాత్ర కోసం చెక్కించినది. చిహ్నానికి చట్టరక్షణ కల్పించే అంతర్జాతీయ ఒప్పందం 1981లో నైరోబీలో కుదిరింది.

సొంత జెండా పట్టుకునే వీలు లేని క్రీడాకారులకు ఈ పతాకమే ఆసరా. భారత ఒలింపిక్ సంఘం సస్పెన్షన్‌లో ఉండటంతో, 2014 సోచి శీతాకాల క్రీడల ప్రారంభోత్సవంలో శివ కేశవన్ సహా ముగ్గురు భారతీయులు దీని కిందే నడిచారు. ఆ సస్పెన్షన్‌ను క్రీడలు జరుగుతుండగానే, ఫిబ్రవరి 11న ఎత్తివేశారు.