నీట పుట్టిన ఆలమంద

పొద్దు క్రుంకు వేళ మన పల్లెలలో చెరువుగట్టున నిలిచినవారికి ఒక దృశ్యము కనబడును. నీటిపై మొదట కొమ్ములు మాత్రమే తేలును. పిదప నల్లని మోరలు. ఆ పిదప వీపులు. పసులకాపరి కేక వినగానే బఱ్ఱెలు ఒకదాని వెంట ఒకటి, ఆ నీటిలోనే పుట్టినవా అన్నట్లు, ఒడ్డునకు ఎక్కును. మనకు ఇది నిత్యము చూచునదే కావున ఇందు వింత తోచదు. ఐరోపా ఖండపు పడమటి అంచున, మంచు నడుమ బ్రతికిన పశుపాలకుల ఊహలో మాత్రము ఇట్టి దృశ్యమే గొప్ప గాథయై నిలిచినది. సరస్సుల అడుగునను, కడలి లోతునను కంటికి కానరాని జనులు కాపురముందురనియు, వారికి మేలుజాతి పాడిమందలు కలవనియు, అవి అప్పుడప్పుడు గట్టెక్కి మానవుల పసులలో కలియుననియు వారు తరతరములుగా చెప్పుకొనిరి. వేల్సు, ఐర్లండు, స్కాట్లండు, మాన్ దీవి, ఐస్లండు, ఈ అన్ని చోట్లను ఈ నమ్మిక కలదు.

ఈ ప్రసంగములో నేను ముఖ్యముగా ముచ్చటింపదలచినది వేల్సు దేశపు కథ ఒక్కటి. ఆ కథలో ఒక చిన్న మాట కలదు. పామరుల వినోదమునకై పుట్టిన కథ అని త్రోసివేయువారు ఆ మాటను గమనింపక దాటిపోవుదురు. దాని వెనుక ఒక ధర్మశాస్త్రమును, ఒక రాజాస్థానమును ఉన్నవి.

దక్షిణ వేల్సున కార్మార్థెన్ మండలములో ‘నల్లకొండ’ అనబడు పర్వతపంక్తి ఉన్నది. దాని ఒడిలో, సుమారు 500 మీటర్ల ఎత్తున, నిలువెత్తు చఱియల క్రింద ఒక చిన్న సరస్సు. దాని పేరు లిన్ అ వాన్ వాఖ్. ఆ కొండకు దిగువనున్న బ్లైన్‌సౌదె అను చోట ఒక విధవరాలు తన కుమారునితో కాపురముండెను. కుమారుడు పసులను తోలుకొని సరస్సు దరికి పోవుచుండెను. ఒకనాడు నీటిపై కూర్చుండి తల దువ్వుకొనుచున్న కన్య అతనికి కనబడెను. చేతనున్న రొట్టెను అతడు చాచి చూపెను. ఆమె దగ్గఱకు వచ్చి, నీ రొట్టె మాడి గట్టిపడినది, నన్ను పట్టుట సులభము కాదు అని మునిగిపోయెను. తల్లి ఉపదేశము విని మఱునాడు కాల్చని పిండిముద్ద తీసికొనిపోయెను. అదియు ఆమెకు నచ్చలేదు. మూడవనాడు సగము కాలిన రొట్టె తీసికొనిపోగా అంగీకరించెను. కాని ఒక నియమము: కారణము లేకుండ మూడు దెబ్బలు కొట్టిననాడు ఆమె అతనిని విడిచిపోవును.

నీటిలోనుండి ఆమె తండ్రి వచ్చి వరకట్నమును నిర్ణయించిన తీరు వినదగినది. ఊపిరి తీయకుండ ఎన్నింటిని లెక్కింపగలదో అన్ని ఆవులు, అన్ని గొఱ్ఱెలు, అన్ని మేకలు, అన్ని గుఱ్ఱములు ఆమెవి అనెను. ఆ పిల్ల గడుసుది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. మరల ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఇట్లు అయిదేసి చొప్పున గబగబ ఎన్నసాగెను. ఎన్నిన కొలది సరస్సునుండి మందలు మందలుగా పసులు గట్టెక్కెను.

ఈ లెక్కను పట్టుకొనియే సర్ జాన్ రీస్ పండితుడు ఒక సిద్ధాంతము కట్టెను. ఆయన ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున కెల్టిక్ భాషలకు ఆచార్యుడు. 1901లో వేల్సు, మాన్ దీవుల జానపద గాథలపై రెండు సంపుటముల గ్రంథము వెలువరించెను. అయిదునకు మించి లెక్క తెలియని ఏదో ఆదిమజాతి, కెల్టులు రాకమునుపు ఆ దేశమున నివసించినదనియు, ఆ జాతి జ్ఞాపకమే ఈ నీటి జనుల కథలుగా మిగిలినదనియు ఆయన ఊహ. ఆయన పాండిత్యమునకు తల వంచుచునే నేనొక మాట అడుగుదును. మన అవ్వలు పిడకలను పుంజీల లెక్కన నాలుగేసి చొప్పున ఎన్నుచుండిరి. అంతమాత్రమున వారికి నాలుగునకు మించి లెక్క తెలియదని ఎవరైన అందురా? త్వరగా ఎన్నవలసిన చోట చిన్న కట్టలుగా ఎన్నుట మనుష్య స్వభావము. ఊపిరి పట్టి లెక్కించు ఆడుపిల్లకు అంతకంటె ఉపాయము లేదు.

ఆ దంపతులు మద్వై గ్రామము చెంత నొక పొలమున స్థిరపడిరి. ఆ పొలము పేరులోని ‘ల్లైథ్‌దీ’ అను మాటకు పాడియిల్లు అని అర్థము. ముగ్గురు కుమారులు కలిగిరి. తరువాత ఒక నామకరణ వేడుకకు పోవుటకు ఆమె జాగుచేయగా, పద పదయని భర్త చేతితొడుగుతో భుజము తట్టెను. ఒక పెండ్లిలో ఆమె ఏడ్వగా, ఎందుకని మరల తట్టెను. ఒక చావు ఇంట ఆమె నవ్వగా, ఊరకుండుమని మూడవమాఱు తట్టెను. నియమము తీరినది.

ఆమె వాకిట నిలిచి పసులను పిలువసాగెను. కథకంతకు ప్రాణము ఇక్కడనే ఉన్నది. మన రైతు కఱ్ఱి, పుల్ల, మైల, బొల్లి అని వన్నెలను బట్టి పేరులు పెట్టి పిలుచునట్లే ఆమెయు చుక్కలదానిని, మచ్చలదానిని, తెల్లమొగముదానిని వేఱువేఱుగ పిలిచెను. కోయబడి కొక్కెమునకు వ్రేలాడుచున్న చిన్న నల్లదూడయు ప్రాణము పోసికొని దిగివచ్చెను. పొలములో దున్నుచున్న నాలుగు బూడిదవన్నె ఎడ్లు నాగలితోగూడ కదలెను. ఆరు మైళ్ళకు మించిన దారి, ఆ మందయంతయు సరస్సులోనికి నడచిపోయెను. నాగలి ఈడ్చిన చాలు సరస్సు వఱకు కనబడుచున్నదని ఆ ప్రాంతపువారు చెప్పుచుండిరి.

ఇదిగో, ఆ పిలుపులోనే నేను మొదట చెప్పిన చిన్న మాట ఉన్నది. ఆవులతోపాటు ఆమె ఒక ఆబోతును గూడ పిలుచును. అది తెల్లనిది, రాజుగారి నగరినుండి వచ్చినది. నీటి అడుగున పుట్టిన మందలో రాజుగారి ఆబోతునకు ఏమి పని?

దీనికి సమాధానము ఆ సరస్సులో లేదు. మద్వై గ్రామమునకు సుమారు పది మైళ్ళ దూరమున, టౌవీ నది ఒడ్డుననున్న దినెవుర్ కోటలో ఉన్నది. దక్షిణ వేల్సు రాజులకు అది రాజధాని. 10వ శతాబ్దపు రాజు ‘మంచి హవెల్’ పేర ప్రసిద్ధికెక్కిన వేల్సు ధర్మశాస్త్రము 13వ శతాబ్దమునుండి వ్రాతప్రతులలో నిలిచియున్నది. దినెవుర్ ప్రభువునకు అవమానము చేసినవాడు చెల్లింపవలసిన దండుగ అందు ఇట్లున్నది: ఆర్గొయెల్ అను చోటునుండి దినెవుర్ నగరి వఱకు, ఒకదాని తోకకు మఱియొకదాని తల తగులునట్లు నిలువబెట్టినచో ఎన్ని పట్టునో అన్ని ఆవులు, అన్నియు తెల్లనివి, చెవులు మాత్రము ఎఱ్ఱనివి, ప్రతి ఇరువది ఆవులకును అదే వన్నెగల ఆబోతు ఒకటి. రాజు గౌరవమును ఆవుల వరుసతో కొలిచిన ఈ శాసనము వంటిది మఱియొకటి నేను చదువలేదు.

ఎఱ్ఱచెవుల తెల్లపసుల విలువ వేల్సు రాజులతో ఆగలేదు. ఇంగ్లండు రాజైన జాన్‌తో వైరము తెచ్చుకొన్న మోడ్ ద బ్రౌజ్ అను ప్రభుపత్ని, రాణి అనుగ్రహమునకై నాలుగువందల ఆవులను, ఒక ఆబోతును, అన్నింటిని ఈ వన్నెవానినే, పంపినదని చెప్పుదురు. అవి ఆమెను కాపాడలేదు. 1210లో ఆమె ఆ రాజు చెఱలో ప్రాణము విడిచెను.

కావున రాజనగరి తెల్ల ఆబోతు కవికల్పన కాదు. కొండ దిగువ కాపులు దానిని ఎఱుగుదురు. దండుగగా చెల్లించుటయో, మేపుటయో చేసియుందురు. అయితే ఇందొక చిక్కు కలదు. తెల్లని మేను, ఎఱ్ఱని చెవులు అను వన్నెయే కెల్టుల గాథలలో పరలోకపు గుర్తు. వేల్సు ప్రాచీన కథలలో పాతాళరాజు వేటకుక్కలకు ఆ వన్నె. ఐర్లండు వీరగాథలో మోరిగన్ అను యుద్ధదేవత ఎఱ్ఱచెవుల తెల్లపెయ్యయై వచ్చును. రాజుల పసులను చూచి జనులు దేవతల పసులను ఊహించిరా, లేక దేవతల పసుల వన్నెను రాజులు తమదని చెప్పుకొనిరా? నాకు రెండవదే నిజమని తోచుచున్నది. ఏలయన, ఐర్లండులోను ఆ వన్నెయే కనబడుటచే అది ఒక్క దినెవుర్ నగరికి పరిమితమైనది కాదు. సరస్సుమంద వన్నెగల మందను కోట ముంగిట నిలుపుకొన్న రాజు, తాను సామాన్యుడను కానని నోరు విప్పకయే చాటుకొనెను. సామాన్యుడైన కాపునకు రాజు మందయు, సరస్సు మందయు సమానముగా అందరానివే. అందువలననే అతని కథలో ఆ రెండును ఒక్కటైనవి. ఒక్క పిలుపుతో రెండును పోయినవి.

ఆ స్త్రీ పెద్దకుమారుడు రివల్లన్‌కు తల్లి మరల కనబడి, వైద్యయోగముల సంచి ఇచ్చి, మూలికలను చూపినదని కథ ముగియును. రివల్లనును అతని కుమారులును చరిత్రపురుషులు. 13వ శతాబ్దపు పూర్వార్ధమున, దినెవుర్ ప్రభువైన రీస్ గ్రిగ్‌కు వారు వైద్యులు. వారి యోగములు సుమారు 1400 నాటి ‘హెర్గెస్టు ఎఱ్ఱగ్రంథము’లో ఉన్నవి. ఆ వంశపు వైద్యుడొకడు 1739లో మరణించినట్లు మద్వై గుడిలోని సమాధిఫలకము తెలుపుచున్నది. మన ప్రాంతపు కథ 1861లో ఆ వైద్యగ్రంథమునకు పీఠికగా మొదట చక్కగా అచ్చయ్యెను. అనగా కథను చెప్పుకొన్న వైద్యవంశముగూడ దినెవుర్ నగరి ఉప్పు తిన్నదే.

ఉత్తరముగా పోయిన కొలది కథ రూపు మాఱును. అబర్‌డవి సమీపమున లిన్ బార్వోగ్ అను సరస్సున్నది. దాని తప్పిపోయిన ఆవును ఒక రైతు పట్టుకొనెను. దాని పాలతో, దూడలతో అతని ఇల్లు నిండెను. అది ముసలిదై వట్టిపోగానే బలియ మేపి కసాయివానిని పిలిచెను. కసాయివాడు చేయి ఎత్తగానే సరస్సుపై గుట్టనుండి పచ్చని వస్త్రముల స్త్రీ ఒకతె కేక పెట్టెను. ఆవును, దాని సంతతియు ఆ కేక వెంట నీటిలోనికి పోయెను. స్కాట్లండు తీరమున నీటి ఆబోతు మానవులకు మిత్రము. ఇస్లే దీవి కథలో వింతచెవులతో పుట్టిన దూడను ఒక ముసలమ్మ గుర్తించి, మూడు ఆవుల పాలతో ఏడేండ్లు పెంచుమని చెప్పును. ఒకనాడు నీటిగుఱ్ఱము యువకుని రూపున వచ్చి పసులుకాయు పిల్లను పట్టబోగా, ఆ ఆబోతు దానితో పోరాడి ప్రాణము విడుచును. ఐస్లండువారి సముద్రధేనువులు బూడిదవన్నెవి. ముక్కుపై నున్న బుడగను పగులగొట్టినచో మరల కడలికి పోలేవట.

శ్రోతలకు మన సురభి ఈపాటికి తలపునకు వచ్చియుండును. పాలకడలి మథనమున కామధేనువు పుట్టుట, వృత్రవధానంతరము విడుదలైన నీటిని ఋగ్వేదఋషి అంబా యని అఱచు ఆవులతో పోల్చుట మనకు తెలిసినవే. శతపథబ్రాహ్మణములోని ఊర్వశి కథ మఱింత దగ్గఱది. ఆమె అప్సరస, అనగా నీటియందు చరించునది. నియమముతో పురూరవుని ఇంటికి వచ్చును. మంచమునకు కట్టిన పొట్టేళ్ళు ఆమె ధనము. నియమము తప్పగానే మాయమై, పిదప తామరకొలనులో నీటిపక్షియై కనబడును. ఇట్టి పోలికలు చూచి తొందరపడరాదు. ఐర్లండులోని బోయిన్ నదికి ప్రాచీననామము ‘బువిందా’. అది గోవిందుడే అని మురియువారు కలరు. అందలి మొదటిభాగము మన ‘గో’ శబ్దమునకు నిజముగా చుట్టమే. రెండవభాగమునకు మాత్రము అక్కడ తెలుపు అని అర్థము, ఇక్కడ పొందుట అని అర్థము. చుట్టరికము ఆవు వఱకే.

ఆగస్టు మాసపు మొదటి ఆదివారమున ఆ సరస్సు స్త్రీ నీటిపై కనబడునను ఆశతో జనులు కొండయెక్కి లిన్ అ వాన్ వాఖ్ దరికి పోవుచుండిరి. మొదటి ప్రపంచయుద్ధ కాలమున లానెల్లి పట్టణపు మంచినీటికై దానికి ఆనకట్ట కట్టిరి. తెల్లపసులు మాత్రము దినెవుర్ మైదానమున నేటికిని మేయుచున్నవి. చెవుల వన్నె ఇప్పుడు కొంత నలుపునకు తిరిగినది.