పుట్టగొడుగు, జున్ను, పిండిచిప్ప

మైదాపిండిని వెన్నతో కలిపి, చిన్న చిన్న చిప్పలుగా ఒత్తి, వానిలో వేపిన పుట్టగొడుగులను, తురిమిన ఛీజును నింపి కాల్చిన కారపు వంటకమును పాశ్చాత్యులు టార్టు అందురు. నేడు మన పట్టణములలోని గృహిణులు పెక్కుమంది దీనిని ఇంటనే చేయుచున్నారు. కోరుకొండ వంటి గ్రామములవారును కావలసిన వస్తువులను రాజమహేంద్రవరము బజారునుండి తెచ్చుకొనవచ్చును. ఇది పూర్తిగా పరదేశపు వంట యని మన తలంపు. కాని దీని భాగములను విడదీసి, ఒక్కొక్కదాని పూర్వచరిత్రను గోదావరి తీరమున వెదకినచో, అవన్నియు చిరకాలముగా మన చెంతనే యున్నవని తేలును. ఉన్నవి ఏల కలియలేదు? ఈ ప్రసంగమున విచారింపదగిన ప్రశ్న యిదియే.

మొదట పుట్టగొడుగును తీసికొందము. కోరుకొండ యనగానే కొండపై వెలసిన లక్ష్మీనరసింహస్వామి జ్ఞప్తికి వచ్చును. కాకతీయ సామ్రాజ్యము 1323లో పతనమైన పిమ్మట, 14వ శతాబ్దమున ముమ్మడి నాయకుడు ఈ ఊరిని రాజధానిగా చేసికొని పాలించెను. డెల్టా మాగాణికిని ఏజెన్సీ కొండలకును నడుమ నున్న మెట్టసీమ యిది. ఇట్టి మెట్టభూములలో చెదపుట్టలు మెండు. తొలకరి జల్లులు కురిసి, ఉరుములు ఉరిమిన నాలుగు దినములకు ఆ పుట్టలపై తెల్లని గొడుగులు లేచును. పుట్టపై గొడుగు గనుక పుట్టగొడుగు. సంస్కృతమున దీనిని ఛత్రాక మందురు; అక్కడను గొడుగే.

ఈ గొడుగులు పుట్టపై లేచుట యాదృచ్ఛికము కాదు. చెదపురుగులు నమలి తెచ్చిన ఆకు, పుల్ల, గడ్డి మున్నగువానిని పుట్టలోపల తేనెపట్టువలె పేర్చి, దానిపై ఒక బూజును పెంచును. ఆ బూజే వాని ఆహారమునకు ఆధారము. వానలు పడినపుడు అదియే నేలను చీల్చుకొని గొడుగై పైకి వచ్చును. శాస్త్రజ్ఞులు దీనిని టెర్మిటోమైసిస్ అందురు. చెదపురుగు చేయు ఈ సేద్యమును మానవుడు ఇంతవరకు పొలమున చేయలేకపోయెను. కావున ఆ రుచిని కోరువారు పుట్టను వెదకికొని పోవలసినదే.

మరి మన గ్రంథములు ఏమనుచున్నవి? మనుస్మృతి అయిదవ అధ్యాయమున వెల్లుల్లి, నీరుల్లి మొదలగువానితోపాటు పుట్టగొడుగును ద్విజులకు అభక్ష్యమని నిషేధించినది. ప్రాచీన వైద్యగ్రంథమైన సుశ్రుతసంహిత అట్లు త్రోసివేయలేదు. గడ్డిపై పుట్టినది, చెరకుపిప్పిపై పుట్టినది, పేడపై పుట్టినది, వెదురుపై పుట్టినది, నేలపై పుట్టినది అని అయిదు విధములుగా విభజించి, ఒక్కొక్కదాని గుణమును చెప్పినది. అందు గడ్డిపై పుట్టినది మధురమనియు, దోషములను శమింపజేయుననియు పేర్కొన్నది. వైద్యుడు పరీక్షించి చూచెను. ధర్మశాస్త్రకారుడు గీత గీసెను. పెద్దయిండ్ల వంటశాలలలో నిలిచినది ఆ గీతయే.

అందుచేత పుట్టగొడుగు కూలిజనము యొక్కయు, పశువుల కాపరుల యొక్కయు, కొండవాసుల యొక్కయు కూర యైనది. ఏ పుట్టపై ఏ కార్తెలో లేచును, ఏది పుట్టగొడుగు, ఏది విషపు కుక్కగొడుగు అను వివేకము వారియొద్ద నుండెను. ఆ విద్య ప్రాణముతో కూడినది. ఒక్క పొరపాటు కుటుంబమునే బలిగొనగలదు. వెండినాణెము నల్లబడనిచో తినవచ్చునను నమ్మకము పలుచోట్ల కలదు గాని, అది నిజము కాదు. కొన్ని గొడుగులలోని విషము ఎంత ఉడికించినను పోదు. అడవిలో ఏరువారు నాణెమును కాక, గొడుగు అడుగుభాగమును, వేరును, వాసనను, లేచిన చోటును చూచి నిర్ణయించిరి. తల్లి బిడ్డకు చూపి నేర్పిన ఈ జ్ఞానమును కాగితముపై పెట్టినవారు అరుదు.

ఇక ధవళేశ్వరము ఆనకట్ట. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణమున 1847లో ఆరంభమై 1852లో పూర్తియైన ఆ నిర్మాణముతో డెల్టా అంతయు వరిమయమైనది. ఇంటింట గడ్డిమేట్లు లేచినవి. సుశ్రుతుడు మెచ్చిన గొడుగునకు వరిగడ్డియే ఆధారము. మన జిల్లాలు చెన్నరాజధానిలో భాగమై యున్న కాలమున, 1943లో, కోయంబత్తూరు వ్యవసాయ పరిశోధకులు వరిగడ్డిపై పుట్టగొడుగులను పెంచు పద్ధతిని వివరించిరి. వెలివాడకు పరిమితమైన కూర ఆనాడు శాస్త్రజ్ఞుని బల్లపైకి ఎక్కినది.

రెండవది ఛీజు. దీనికి మన నిఘంటువులు జున్ను అని అర్థము చెప్పుచున్నవి. ఈనిన గేదె తొలిపాలలో బెల్లము, మిరియాల పొడి కలిపి ఆవిరిపై ఉడికించిన జున్నును ఎరుగని తెలుగిల్లు లేదు. అయినను రెండింటికిని భేదము కలదు. జున్ను తొలిపాలలోని మాంసకృత్తుల వలన, వేడి తగిలినంతనే గట్టిపడును. ఛీజు పాలు విరిచి, నీరు పిండి, నిలువచేసినది. పాలను విరుచుటయు మనకు క్రొత్త గాదు. 1126 నుండి 1138 వరకు ఏలిన కల్యాణి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు రచించిన మానసోల్లాసమున, కాచిన పాలలో పులుపు చేర్చి విరిచి, ఆ ముద్దలో బియ్యపుపిండి కలిపి, ఉండలుగా వేచి, చక్కెరతో తీపిచేయు విధానము కలదు. మన వేంగినాడు కొంతకాలము ఆ వంశము ఏలుబడిలోనే యుండెను.

మూడవది పిండిచిప్ప. పొరలు పొరలుగా విడిపోవు పిండివంట చేయుటలో గోదావరివాసులకు ఇతరులు నేర్పవలసినది లేదు. తాపేశ్వరము మడతకాజాను చూడుడు. మైదాను పలుచగా వత్తి, నేయి పూసి, పిండి చల్లి, చుట్టగా చుట్టి, ముక్కలుగా కోసి, తిరిగి వత్తుదురు. పొరకును పొరకును నడుమ నున్న కొవ్వు వాని నంటుకొననీయదు. ఫ్రెంచివారి పొరల రొట్టెకును మూలసూత్రము ఇదియే. వారు కాల్తురు, మనము వేతుము. భేదమంతయు పొయ్యిలో నున్నది.

పొయ్యియు లేకపోలేదు. మన దిబ్బరొట్టె ఎట్లు కాలునో తలచుకొనుడు. ఇనుపమూకుటిలో మినపపిండి పోసి, మూతపెట్టి, క్రింద నిప్పు, మూతపైన నిప్పులు ఉంచుదురు. పైనుండియు క్రిందనుండియు సమముగా వేడి తగులుటయే గదా ఓవెను లక్షణము! చెంతనే యున్న యానాము 1954 వరకు ఫ్రెంచివారి పాలనలో నుండెను. అయినను బేకరీ మనకు పట్టణపు అంగడిగానే తెలిసినది గాని, ఇంటి పొయ్యితో దానికి చుట్టరికము కుదరలేదు.

కావున సామగ్రి లేక యీ వంట ఇక్కడ పుట్టలేదనుట పొరపాటు. పుట్టగొడుగు ఒక వాడలో, పాలు మరొక వాడలో, మడతకాజా మిఠాయి అంగడిలో వేరువేరుగా నుండెను. వానిని ఒక్క పళ్లెములో చేర్చుటకు అడ్డుపడినది రుచి కాదు, పంక్తిభేదము.

ఇక చేయు విధానము. రెండువందల గ్రాముల మైదాలో చిటికెడు ఉప్పు, నూరు గ్రాముల చల్లని వెన్న వేసి, వ్రేళ్లకొనలతో రవ్వవలె నలుపవలెను. మూడు నాలుగు చెంచాల చన్నీటితో ముద్దచేసి, తడిగుడ్డ కప్పి అరగంట ఉంచవలెను. ఎక్కువ పిసికినచో చిప్ప గట్టిపడును. రెండువందల యేబది గ్రాముల పుట్టగొడుగులను తరిగి, నీరుల్లిముక్కలతో వేపి, ఊరిన నీరంతయు ఇగిరిన పిమ్మటనే ఉప్పు, మిరియాలపొడి వేయవలెను. తడి మిగిలినచో చిప్ప మెత్తబడును. పిండిని పలుచగా వత్తి చిన్న గిన్నెలలో పరచి, అడుగున ఫోర్కుతో పొడిచి, కూరను, పైన నూరు గ్రాముల ఛీజు తురుమును నింపవలెను. ఓవెనులో నూట ఎనుబది డిగ్రీల వేడిని ఇరువదియైదు నిమిషములు చాలును. ఓవెను లేనివారు దళసరి మూకుటిలో అంగుళము మందమున ఇసుక పోసి కాగనిచ్చి, గిన్నెలను అందుంచి మూతపెట్టి, దిబ్బరొట్టెకు వలెనే మూతపై నిప్పులు వేయవచ్చును. చిప్ప అంచులు బంగారువన్నెకు వచ్చినపుడు దింపవలెను.

దీనికి అంగడిలో కొన్న పెంపుడు పుట్టగొడుగులనే వాడవలెను. గుర్తెరుగని అడవిగొడుగును ఇంటికి తేరాదు. గుర్తెరిగిన పెద్దలు మెట్టగ్రామములలో ఇంకను కొందరున్నారు. పుట్టలను చదునుచేసి, నేలపై మందులు చల్లుచున్న యీ కాలమున, ఏరుటకు గొడుగులును, అడుగుటకు పిల్లలును తగ్గుచున్నారు. వంటకములు ఏ దేశమునుండి యైనను వచ్చును. వానిని మనము నేర్చుకొందుము. తొలకరికి ఏ పుట్టను చూడవలెనో ఎరిగిన ముదుసలి మాట మాత్రము మరెక్కడనుండియు రాదు. ఆమెను అడిగి వ్రాసికొనవలసిన వారము మనమే.